కొమ్మాదిలో ఇల్లు కడుతున్నాం: అరుగుతో మొదలైన లెక్క

జనవరి: డ్రాయింగుకు ముందు

విశాఖలో కొమ్మాది జంక్షన్ నుంచి తిమ్మాపురం బీచ్ వైపు వెళ్ళే దారిలో మాకు 200 గజాల స్థలం ఉంది. తూర్పు ముఖం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ఇన్నేళ్ళూ ఎంవీపీ కాలనీలో ఫ్లాటులోనే గడిచిపోయింది. ఈ ఏడు ఇల్లు మొదలుపెడుతున్నాం. పని ఎంతవరకు వచ్చింది, దేన్ని ఎందుకు ఎంచుకున్నాం అన్నది ఎప్పటికప్పుడు ఇక్కడ రాసిపెడతాను.

మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది చుట్టుపక్కల ఈమధ్య చాలా గృహప్రవేశాలకి వెళ్ళాం. ఖర్చుకి వెనకాడకుండా, ఇష్టంగా కట్టుకున్న ఇళ్ళే అన్నీ. గేటు తీయగానే కారు, కారు పక్కన మెట్లు, తలుపు తీస్తే హాలు, హాల్లో ఫాల్స్ సీలింగు, టీవీ గోడ. భోజనాలయ్యాక చూస్తే వచ్చినవాళ్ళలో సగం మంది బయట షామియానా కిందే ఉండిపోతారు. పెద్దవాళ్ళు లోపల సోఫా అంచున కూర్చుని ఎప్పుడు లేద్దామా అన్నట్టు ఉంటారు. ఇంటివాళ్ళు కూడా కొన్నాళ్ళకి పడగ్గదుల్లో ఏసీ వేసుకుని తలుపులు మూసుకుంటారు. హాలు ఖాళీ.

ఇప్పటి ఇళ్ళు ఇళ్ళలా ఉండవని అనగానే అందరూ సిమెంటుని తిడతారు. నాకు అది సబబుగా తోచదు. లోపలికి రాకుండానే కాసేపు కూర్చునే చోటు, పని చేసుకుంటూ మాట్లాడుకునే చోటు, ఎండ పడకుండా వెలుతురు వచ్చే చోటు, ఈ మూడూ లేకపోతే ఏ ఇల్లయినా లాడ్జి గదిలాగే ఉంటుంది. చదరపు అడుగుల లెక్క మొదలుపెట్టగానే ముందు కోతపడేవి కూడా ఇవే. ఈ ఇంట్లో వాటికి కోత పడనివ్వకూడదు. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఫిబ్రవరి: డ్రాయింగు

ఇంజినీరు గారు తెచ్చిన మొదటి డ్రాయింగులో నిబంధనల ప్రకారం వదలాల్సింది వదిలి, మిగిలినదంతా గదులతో నింపేశారు. ముందు భాగం మొత్తం కారుకే. "అందరూ ఇలాగే అడుగుతారండీ" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, అడిగేవాళ్ళు అలాగే అడుగుతారు.

మేం కారుని ఉత్తరం పక్కకి జరిపి పదడుగులు ఇచ్చాం. మిగిలిన ముందు భాగంలో ఎనిమిదడుగుల లోతున పంచ, అంటే వరండా, పంచ అంచున అరుగు. దానికోసం హాలు తగ్గింది. మా ఆవిడకి మొదట్లో ఇష్టం లేదు. హాలు చిన్నదైతే నలుగురొస్తే ఎక్కడ కూర్చుంటారని. ఆ నలుగురూ పంచలో కూర్చుంటారని నేను. స్థలంలోకి వెళ్ళి నేల మీద ముగ్గుతో గీసి, ఫ్లాటు నుంచి తెచ్చిన కుర్చీలు వేసి, సాయంత్రం దాకా అందులో కూర్చున్నాం. డ్రాయింగులో ఎనిమిదడుగులు ఎంతో తెలియదు. ముగ్గు గీసి కూర్చుంటే తెలుస్తుంది. లేచేటప్పుడు తనే అంది, "ఆరడుగులు చాలవు, ఎనిమిదే ఉండనీ" అని.

తర్వాత వాస్తు. వంట వాయవ్యం, సంపు ఈశాన్యం, పెద్ద పడగ్గది నైరుతి. వీటితో మాకు పేచీ లేదు. పేచీ అంతా దక్షిణం గోడకి కిటికీల దగ్గర వచ్చింది. విశాఖలో వేసవంతా గాలి ఎక్కువగా నైరుతి నుంచే వస్తుంది. చలికాలం వచ్చేసరికి ఈశాన్యానికి తిరుగుతుంది. నైరుతి గది మూసేసి దక్షిణం గోడని గుడ్డిగోడ చేస్తే మే నెలలో ఆ ఇంటికి ఏసీ తప్ప దిక్కుండదు. సిద్ధాంతి గారితో కూర్చుని మాట్లాడితే ఆయనేమీ అడ్డు చెప్పలేదు. బరువు నైరుతిలో ఉండాలన్నారు గానీ గాలి రాకూడదని ఎవరన్నారని అడిగారు. పడగ్గదికి దక్షిణాన ఒకటి, పడమరన ఒకటి కిటికీ పెట్టాం. లోపలి గుమ్మాలన్నిటి మీదా వెంటిలేటర్లు అడిగాను. మా చిన్నప్పుడు ప్రతి గుమ్మం మీదా ఉండేవి, ఏసీలొచ్చాక మాయమైపోయాయి. రాత్రి తలుపు వేసుకున్నా గాలి గది దాటి హాల్లోకి, హాలు దాటి ఈశాన్యం కిటికీలోకి పోవాలంటే ఆ సందు ఉండాల్సిందే.

మార్చి: పునాది

మాఘంలో శంకుస్థాపన అయింది. ఇక్కడ నేల ఎర్రమట్టి, కింద గట్టి గ్రావెల్. పిల్లర్ల కింది ఫుటింగులకి ఇబ్బంది లేదు.

ఇబ్బంది పునాది ఎత్తు దగ్గర వచ్చింది. మన ఊళ్ళో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు కాబట్టి పాత కాలనీల్లో ఇళ్ళు పల్లంలోకి దిగిపోయాయి. వానొస్తే నీళ్ళు ఇంట్లోకే. అందుకని ఇప్పుడు కట్టేవాళ్ళంతా రోడ్డు కన్నా మూడు నాలుగడుగులు ఎత్తు లేపుతున్నారు. అది న్యాయమైన భయమే. కానీ నాలుగడుగుల ఎత్తున పంచ వేస్తే దానికి ఏడెనిమిది మెట్లు, మెట్లకి స్టీలు రెయిలింగు, రెయిలింగుకి గేటు. దారినపోయేవాళ్ళకి అది స్టేజీలా కనబడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ రోజుకి ఒకసారి దిగితే గొప్ప.

అరుగు ఎత్తు పద్దెనిమిది అంగుళాలుండాలి. కుర్చీ ఎత్తు అంత. అంతకన్నా ఎక్కువైతే కాళ్ళు వేలాడతాయి, తక్కువైతే లేవడానికి కష్టం. ఇంటి పునాదేమో మూడడుగులుండాలి. రెండూ కావాలంటే రెండు అంచెలుగా కట్టాలి. నేల నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తున, రెండడుగుల వెడల్పుతో వీధి వైపు అరుగు. అరుగు వెనక పంచ ఇంకో పద్దెనిమిది అంగుళాల ఎత్తున. అరుగు మీద కూర్చున్నవాళ్ళకి పంచ అంచు వీపుకి ఆనుతుంది. పక్కన అర అడుగు చొప్పున వెడల్పాటి మెట్లు. మేస్త్రిది శ్రీకాకుళం వైపు ఊరు, ఈ పనిలో పండిపోయిన మనిషి. అంతా విని, "ఏటి బాబూ, ఇంత చోటు ఊరికే వదిలేత్తారా? షట్టరేసి కొట్టు అద్దెకిచ్చుకుంటే నెలకింతొస్తాది గదా" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. వదలడం కాదు మేస్త్రీ, మనం కట్టేదే దీనికోసం అని చెప్పాను.

కాంక్రీటు గురించి గట్టిగా రాయాలి. బీచ్ రోడ్డు వెంట పాత భవనాలు చూడండి. సన్‌షేడ్లు పెచ్చులూడి, లోపలి రాడ్లు ఎర్రగా తుప్పుపట్టి వేలాడుతుంటాయి. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు గుండా మెల్లగా లోపలికి చేరి రాడ్డుని తినేస్తుంది. తుప్పు పట్టిన రాడ్డు ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. సముద్రపు గాలి తగిలే చోట రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని, కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకి తగ్గకూడదని కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. లోపలి ఊళ్ళలో మామూలు గదికి 20 మిల్లీమీటర్లు చాలు. చాలా సైట్లలో కవర్ కోసం రాడ్ల కింద కంకర రాళ్ళు దోపేస్తారు. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు తొక్కుతారు, రాయి జారుతుంది, రాడ్డు వెళ్ళి కింద అచ్చుగా పెట్టిన సెంట్రింగు షీటుకి ఆనుకుంటుంది. మా సైట్లో సిమెంటు కవర్ బ్లాకులు తప్ప ఇంకేవీ వద్దన్నాం. బోరు నీళ్ళు కూడా పరీక్ష చేయించాం, ఎందుకంటే రాడ్డు వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోరు లోపలే ఉంది.

ఇదంతా ఇల్లులా అనిపించడానికి సంబంధం లేని విషయమని కొందరన్నారు. ఒక ఇల్లు మనసుకి పట్టాలంటే దాని గోడల మధ్య ఇద్దరు ముగ్గురు పెరిగి పెద్దవాళ్ళవ్వాలి. ఇరవై ఏళ్ళకే పెచ్చులూడితే అంత గడువే దొరకదు.

మే: శ్లాబు

అమ్మకి పెంకుటిల్లు కావాలి. అమ్మది భోగాపురం దగ్గర పల్లె, చిన్నప్పుడు చుట్టిల్లులో పెరిగింది. గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటాకు కప్పు, చూరు ఎంత కిందికి దిగుతుందంటే వంగితే గానీ లోపలికి వెళ్ళలేం. ఉత్తరాంధ్ర తీరం పొడుగునా ఆ ఇళ్ళుండేవి. గాలికి మూలలు దొరకవు, చూరు కిందికి ఉంటుంది కాబట్టి లోపలికి దూరి కప్పుని ఎత్తేసే వీలు తక్కువ. తుఫానులు చూసి చూసి నేర్చుకున్న పద్ధతి అది.

మాకు మాత్రం 2014 అక్టోబరు 12 కళ్ళ ముందే ఉంది. హుద్‌హుద్ తుఫాను నేరుగా మన ఊరి మీదికే వచ్చింది. పెంకులు, రేకులు ఎగిరిపోయాయి, అద్దాల భవనాలు బోసిపోయాయి, ఊరి పచ్చదనమంతా ఒక్క పూటలో నేలకూలింది. ఆ రోజు ఇదే ఊళ్ళో ఉన్నవాణ్ణి, వదులు పెంకుల కింద అమ్మని పడుకోబెట్టలేను. ఇంటికి శ్లాబే. పంచకి కూడా శ్లాబే, కానీ ఏటవాలుగా పోసి, పైన బంగళా పెంకుల్ని సిమెంటు మాలులో కూర్చి పెట్టించాం. పెంకు కదలదు. వాన నీరు చూరు నుంచి ధారగా పడుతుంది. అమ్మ అడిగినదాంట్లో అదే ముఖ్యమని తర్వాత తెలిసింది.

పంచ చూరు ఎత్తు మీద సెంట్రింగు వాళ్ళతో చాలాసేపు మాటలయ్యాయి. ఇంటి శ్లాబు పదిన్నర అడుగులు. అదే ఎత్తుకి పంచ కూడా తీసుకొస్తే ముందు నుంచి దర్జాగా కనబడుతుందని వాళ్ళంటారు. పొద్దున తూర్పు ఎండ పంచంతా పరుచుకుంటుందని నేనంటాను. చివరికి చూరు అంచుని ఏడడుగులకి దించాం. పొద్దెక్కేసరికి నీడ అరుగు దాకా వస్తుంది. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా రోడ్డూ, అవతలివాళ్ళ కొబ్బరిచెట్టూ కనబడతాయి గానీ కళ్ళు చికిలించాల్సినంత ఆకాశం కనబడదు. నిలబడ్డవాళ్ళకి చూరు తలకి దగ్గరగా ఉంటుంది. పొడుగాటి మనిషి కొంచెం సంకోచించి, వెంటనే కూర్చుంటాడు. పంచలో కావాల్సింది అదే.

శ్లాబు పోసిన మర్నాడే మట్టితో మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టాం. మే ఎండల్లో క్యూరింగు ఒక్క పూట తప్పినా నెర్రెలు రావచ్చు. పొద్దున పూట నీళ్ళు పెట్టడానికి నేనే వెళ్తున్నాను.

జూన్: గోడలు, గుమ్మం

ఇటుకలు ఫ్లై యాష్‌వి. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటు ఉండగా మనకి బూడిదకి కొదవేముంది. ఎర్ర ఇటుక కన్నా అంచులు సూటిగా ఉంటాయి, ప్లాస్టరింగు మందం తగ్గుతుంది.

పడమటి గోడకి మాత్రం ర్యాట్ ట్రాప్ పద్ధతి పెట్టించాం. ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. తొమ్మిది అంగుళాల గోడలో మధ్యన మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా, పైగా ఆ ఖాళీలోని గాలి సాయంత్రపు ఎండ వేడిని అంతగా లోపలికి రానివ్వదు. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ దీన్ని ఎందరికో అలవాటు చేశారు. మన మేస్త్రి ఇంతకు ముందు కట్టలేదు. ముందు కాంపౌండు గోడ ముక్క మీద ప్రయత్నించాడు, వరసలు తిప్పి తిప్పి చూసుకున్నాడు, మధ్యాహ్నానికల్లా చెయ్యి కుదిరింది. పక్క సైటు మేస్త్రులు వచ్చి చూసి వెళ్ళారు.

సింహద్వారానికి పాత టేకు దొరికింది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన కలప అమ్మే అడితి ఒకటి కంచరపాలెం వైపు ఉంది. అరవయ్యేళ్ళు ఎండిన చెక్క, ఇక వంగేది లేదు. జ్యేష్ఠంలో మంచిరోజు చూసి గుమ్మం ఎత్తాం. కింద నవధాన్యాలు, పసుపు, పైకం పెట్టి, గడపకి పసుపు రాసి బొట్లు పెట్టింది మా అమ్మాయి. గడప ఎత్తు రెండంగుళాలకి తగ్గించాం, అమ్మ కాలు ఎత్తగలిగినంత. లోపలి గదులకి గడపలు లేవు.

గోడలు లేస్తుండగానే ఒకటి గమనించాను. మధ్యాహ్నం పూట పనివాళ్ళంతా వెనక వేపచెట్టు నీడ వదిలేసి అరుగు మీదకి వస్తున్నారు. ఇంకా ప్లాస్టరింగు లేని ఇటుక అరుగే అది. క్యారేజీలు విప్పి, చోడి అంబలి తాగి, కాసేపు నడుం వాల్చి వెళ్తున్నారు. గ్యాసు బండి అబ్బాయి కూడా ఒకరోజు ఆగి మంచినీళ్ళడిగి కూర్చున్నాడు. ఇంటికి తలుపుల్లేవు, అరుగు పని మొదలుపెట్టేసింది.

సెప్టెంబరు: గచ్చు

గదుల్లో మామూలు విట్రిఫైడ్ టైల్సే. పంచకి, అరుగుకి ఎర్ర ఆక్సైడు గచ్చు. ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. విజయనగరం నుంచి ఒక పెద్దాయన్ని వెతికి పట్టుకొచ్చాం. డెబ్భై దాటి ఉంటాయి.

ఆయన పని చూడడం నాకు ఈ ఏడంతటిలో ఇష్టమైన విషయం. గచ్చు పగలకుండా గాజు పట్టీలతో మడులు చేశారు. కింద మాలు పరిచి, అది పచ్చిగా ఉండగానే, ఒక పాలు ఆక్సైడుకి మూడు పాళ్ళు సిమెంటు కలిపి జల్లించిన పొడిని నీళ్ళతో ముద్ద చేసి పైన పూశారు. ఆ తర్వాత ఆగడం. బొటనవేలు ఆనించి చూడడం, మళ్ళీ ఆగడం. వేలి గుర్తు పడీ పడనట్టున్నప్పుడు ఉక్కు తాపీ తీసుకుని, మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, వెనక్కి జరుగుతూ రుద్దడం మొదలుపెట్టారు. తాపీ మోగే చప్పుడు మారుతూ ఉంటుంది. మొదట గరగర, తర్వాత మెత్తన, చివరికి సన్నగా కూత. కూత రాగానే ఆ మడి వదిలి పక్కదానికి వెళ్తారు. "తొందరపడితే పొడి లేత్తాది, ఆలస్యమైతే తాపీ మాట వినదు" అన్నారు.

వారం పైగా తడి గోనెలు కప్పి ఉంచాం. ఇప్పుడు కాలు పెడితే చల్లగా తగులుతుంది. రంగు అంతటా ఒకేలా లేదు, ఒక మూల ముదురుగా, గుమ్మం ముందు కొంచెం లేతగా ఉంది. మా అమ్మాయి చదువుకోవడానికి చాప వేసుకోకుండా అక్కడే బోర్లా పడుకుంటోంది.

నవంబరు: వంటిల్లు, పెరడు, గృహప్రవేశం

వంటింటి ప్లాట్‌ఫాం నిలబడి చేసేవాళ్ళ కోసం. కానీ మా ఇంట్లో సగం పని కింద కూర్చునే జరుగుతుంది. అమ్మ కత్తిపీట ముందేసుకుని కూరగాయలు తరుగుతుంది, చింతపండు పిక్కలు తీస్తుంది, ఆవకాయ రోజుల్లో అందరం నేల మీదే. కిటికీ కింది అంచు మామూలుగా మూడడుగుల ఎత్తున పెడతారు. కింద కూర్చున్న మనిషికి గోడ తప్ప ఏమీ కనబడదు. అందుకే పెరటి వైపు కిటికీ అంచుని పద్దెనిమిది అంగుళాలకి దించి, నిండా గ్రిల్లు పెట్టించాం. అమ్మ కూర్చున్న చోటి నుంచి పెరట్లో కరివేపాకు మొక్క, బట్టలుతికే బండ, పక్కింటి పిట్టగోడ కనబడతాయి. ఆ పిట్టగోడ మీంచి పక్కింటావిడ అప్పుడే మాట కలిపింది. "ఏం పిన్నిగారూ, ఇవాళ ఏం కూర?" అని.

పెరడంటే ఆరడుగుల పట్టీయే. అయినా తలుపు పెట్టాం, బండ వేశాం, రుబ్బురోలు పాతాం. నీళ్ళు పారడానికి వాలు, ఇంకుడు గుంట.

కార్తీకంలో పాలు పొంగించాం. వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో చూడాలని నాకు ఆత్రంగా ఉండింది. ముసలివాళ్ళు పంచలో, కుర్రాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు వంటింటి కిటికీ దగ్గరా పెరటి గుమ్మంలోనూ. హాలు చిన్నదని ఎవరూ అనలేదు. వీధి చివరి టైలరు గారు పిలవకపోయినా వచ్చి అరుగు మీద కూర్చుని కాఫీ తాగి వెళ్ళారు. చాలా సంతోషమేసింది.

కొత్తగా కట్టిన ఇల్లు ఇల్లనిపిస్తుందా అంటే, ముందు భాగం, వెనక భాగం బతికుంటే అనిపిస్తుందనే నా నమ్మకం. మధ్యలో గదులు ఎలా ఉన్నా సర్దుకుపోవచ్చు.

డిసెంబరు: మిగిలినవి

కాంపౌండు గోడ ఆరడుగులు లేపమని చుట్టుపక్కలవాళ్ళు అంటున్నారు. దొంగల భయం నిజమే, కాదనను. పక్కల, వెనకా ఆరడుగులు లేపుతున్నాం, పెరట్లో పిట్టగోడ ఉన్న ఆ నాలుగడుగులూ తప్ప. వీధి వైపు రెండున్నర అడుగుల గోడ, పైన సన్నటి ఊచల గ్రిల్లు. అరుగు ఎదుట మాత్రం గోడ లేదు, రోజంతా తీసి ఉండే చిన్న గేటు. రాత్రి పడుకునే ముందు తాళం వేస్తాం.

మేడ మీద పని ఇప్పుడు లేదు. మరో అంతస్తు కోసం పిల్లర్ల రాడ్లు పైకి వదిలాం. మన ఊళ్ళో ఇలా వదిలిన రాడ్లు ఏళ్ళ తరబడి ఉప్పుగాలికి తినిపోతుంటాయి, తర్వాత వాటి మీదే అంతస్తు వేస్తారు. మావి సిమెంటు పాలు పూసి, చుట్టూ పల్చటి కాంక్రీటు పోయించి కప్పేశాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు పగలగొట్టి కొనసాగించుకోవచ్చు. అద్దె పోర్షను వేయాలా, మా అమ్మాయి తనకోసం కట్టుకోవాలా అన్నది ఆ రోజుకి తేలుతుంది. ఒక్కటి మాత్రం ఇంజినీరు గారితో ఇప్పుడే రాయించి పెట్టాను. పైన ఏది కట్టినా దాని మెట్లు పంచలోంచే వెళ్ళాలి, బయట నుంచి వేరే దారి వద్దు. ఆయన డ్రాయింగులో గీశారు. సంక్రాంతి దాటాక గేటు వెల్డింగు, పంచకి లైట్లు, అరుగు పక్కన మంచినీళ్ళ కుండకి చిన్న దిమ్మ.